ఆమె ఏమీ అడగని నలభై ఆరు రోజులు

సిస్టరమ్మ పోయిన కబురు నాకు ఆలస్యంగా అందింది. మేం పనిచేసే చోట ఫోన్ మోగినా వినబడదు. జేబులో వణికినా తెలియదు, ఎందుకంటే మగ్గాలు నడుస్తున్నంతసేపూ నేల, గోడ, మనిషి అన్నీ వణుకుతూనే ఉంటాయి. మధ్యాహ్నం చాయ్ తాగడానికి బయటికి వచ్చి చూసుకుంటే మా ఇంటామె నుంచి పద్నాలుగు మిస్డ్ కాల్స్ ఉన్నాయి.

"సిస్టరమ్మ లేస్తలేదు," అంది. "పిలిచిన, భుజం పట్టి ఊపిన. లేస్తలేదయ్యా. నువ్వు జెల్ది రా."

నేను వెళ్లేసరికి గల్లీ అంతా ఆమె గుమ్మం ముందు నిలబడి ఉంది. అన్నం తిని కాసేపు నడుం వాల్చిన మనిషి అలాగే ఉండిపోయింది. మంచం పక్కన స్టూలు మీద కళ్లద్దాలు, సగం తిన్న జామపండు, చిటికెడు ఉప్పు. డెబ్బై నాలుగేళ్లు. శివరాత్రికి ఇంకా పన్నెండు రోజులుంది. ఆమె లెక్కలో చెప్పాలంటే విభూతి బుధవారానికి పదిహేను రోజులుంది. ఆ పదిహేను రోజులూ గడిచి ఇవాళ ఆ బుధవారం వచ్చింది. పొద్దున పనికి పోయి వచ్చి, అన్నం కూడా తినకుండా ఇది రాయడానికి కూర్చున్నాను.

మీలో ఎవరికీ ఆమె తెలిసి ఉండదు. రైల్వే ఆసుపత్రిలో ముప్ఫై ఏళ్లకు పైగా నర్సు. కృష్ణా జిల్లా వైపు మనిషి, క్యాథలిక్ కుటుంబం. భర్త గూడ్స్ బండ్లకు గార్డుగా చేసేవాడట, నేను చూడలేదు. పిల్లల్లేరు. మా ఆయన్ని సూరత్ మట్టిలోనే పెట్టాం కదా, ఆయన్నొదిలి నేనెక్కడికి పోతానని రిటైరయ్యాక సూరత్ శివారు భేస్తాన్‌లో రెండు గదుల ఇల్లు కొనుక్కుంది. దానికి ఎదురుగా, సందు అవతల ఒంటిగదిలో ఎనిమిదేళ్ల కిందట నేనూ మా ఇంటామె అద్దెకు దిగాం. ఆ సందు ఎంత ఇరుకంటే, ఆమె తన ఇంట్లో పోపు పెడితే మా ఇంట్లో తుమ్ములు వచ్చేవి.

సామాను దించుతుంటేనే వచ్చి నిలబడింది. "ఏ ఊరయ్యా మీది? సిరిసిల్ల దగ్గరా? ఎంత దగ్గర? మగ్గాల మీదేనా పని? పెళ్లయి ఎన్నాళ్లయింది? ఆ అమ్మాయి పొద్దున్నుంచి ఏమైనా తిన్నదా?" ఒక్క ఊపిరిలో ఆరు ప్రశ్నలు. నేను మొదటిదానికి జవాబు వెతుక్కుంటుంటే ఆమె ఆరోదాని దగ్గర ఉంది. తర్వాత తెలిసింది, గల్లీలో ఆమెను అందరూ పూఛ్‌తాఛ్ మాసీ అంటారని. రైల్వేస్టేషన్లో బండి ఎప్పుడొస్తుందో అడిగే కిటికీ మీద రాసి ఉంటుందే, ఆ పూఛ్‌తాఛ్. మాసీ అంటే పిన్ని. అక్కడ మనం అడుగుతాం, ఇక్కడ కిటికీయే మనల్ని అడుగుతుంది, అంతే తేడా. ఆ పేరు ఆమెకూ తెలుసు. విని నవ్వేది. అలాగని నోట్లో నువ్వుగింజ నానని మనిషి అనుకోకండి. ఒకరి దగ్గర విన్నది ఇంకొకరికి చెప్పిన పాపాన పోలేదు. తెలుసుకోవాలి, అంతే. తెలుసుకున్నాక ఆమె కడుపు నిండేది.

మొదట్లో నేను ఆమెను నువ్వు అంటే ఒకటి రెండు రోజులు ఊరుకుని, మూడోరోజు అదీ అడిగేసింది.

"మీ వైపు పెద్దవాళ్లను నువ్వనే అంటారా?"

"మా అవ్వను గట్లనే అంటం, అమ్మను గట్లనే అంటం. దేవున్ని గూడ గట్లనే అంటం సిస్టరమ్మా."

"దేవుణ్ణి మేమూ నువ్వనే అంటాం. సరే అయితే, నన్నూ అను."

నా నోటి సంగతి కనిపెట్టింది ఆమే. మా ఇంటామెకు ఏడాదికి పైగా కనబడనిది ఆమెకు వారంలో కనబడింది. నేను మావా తినేవాణ్ణి. వక్కపలుకులు, పొగాకు, సున్నం కలిపి చిన్న ప్లాస్టిక్ కాగితంలో కట్టి ఇస్తారు, అరచేతిలో నలిపి బుగ్గన పెట్టుకోవాలి. పన్నెండు గంటల పని, చెవులు పగిలే చప్పుడు, మాట్లాడాలన్నా చేతి సైగలే. నోటికి వేరే పనేం ఉంది? రోజుకు పది పన్నెండు తినేవాణ్ణి. ఒకరోజు ఆమె ఇంట్లో అరిసె పెడితే కొరకలేక చిన్న చిన్న తుంపులు చేసుకుని తింటున్నాను.

"నోరు తెరువు," అంది.

తెరిచాను.

"మొత్తం తెరువు."

"గింతే అస్తది."

తన చేతి మూడు వేళ్లు కలిపి నిలువుగా పట్టి చూపించింది. మంచి నోట్లో మనిషి మూడు వేళ్లూ ఇలా నిలువుగా పట్టాలట. నా వేళ్లు నన్నే పెట్టుకోమంది. రెండు పట్టాయి, మూడోది పళ్ల దగ్గరే ఆగిపోయింది. ఆసుపత్రికి పంపిస్తే డాక్టరూ అదే చెప్పాడు. బుగ్గల లోపల గట్టిపడుతోంది, మావా మానకపోతే నోరు ఇంకా మూసుకుపోతుంది, ఆ తర్వాత వచ్చేది మనం పేరు పెట్టి పిలవడానికి ఇష్టపడని జబ్బు. అప్పుడు నాకు ఇరవై తొమ్మిదేళ్లు. భయపడ్డాను. భయంతోనే బయటికి వచ్చి, ఆ భయం పోవడానికి ఆసుపత్రి గేటు ముందే ఒక మావా తిన్నాను. ఇది మీకు నవ్వులాటగా ఉండొచ్చు, అలవాటున్నవాళ్లకు నవ్వు రాదు.

ఆ ఏడాదే ఒక బుధవారం పొద్దున ఆమె నొసటి మీద బూడిద చూశాను. క్రైస్తవులు బొట్టు పెట్టుకోరని విన్నాను, ఇదేంటని అడిగాను. అడిగితే ఆమెకు పండగ. పోయిన ఏడాది మట్టల ఆదివారం నాడు గుడిలో పంచిన ఈతాకుల్ని ఇళ్లలోంచి తిరిగి తెచ్చి, కాల్చి, ఆ బూడిదను నొసట పెడతారట. అక్కడి నుంచి ఈస్టర్ దాకా నలభై రోజులు తపస్సు కాలం. యేసు అడవిలో నలభై రోజులు ఉపవాసం ఉన్నాడు, అందుకని ఎవరికి వాళ్లు ఏదో ఒకటి వదులుకుంటారు.

"నువ్వేం ఇడిసిపెడ్తవ్ సిస్టరమ్మా? చేపలా?"

"చేపలు మానడం సూరత్‌లో గొప్పేంటయ్యా? పక్కింటి గుజరాతీవాళ్లు తాతల కాలం నుంచి మానేసిందాన్ని నేను నలభై రోజులు మాని దేవుడికి లెక్క చెప్పనా?"

"మరి ఏంది?"

"చెప్తే అది ఉపవాసం కాదు, దండోరా."

ఎంత గింజుకున్నా చెప్పలేదు. అందరి సంగతులూ కావాల్సిన మనిషి తన సంగతి మాత్రం చెప్పదు. నాకు ఆ రోజు మొదలైన కుతూహలం ఈ రోజు దాకా తీరలేదు.

నలభై రోజులనగానే నాకు ఒక ఆలోచన వచ్చింది. అంతకుముందు రెండుసార్లు అయ్యప్ప మాల వేసుకున్నాను. ఆ నలభై ఒక్క రోజులూ మావా జోలికి పోలేదు, పోవాలని అనిపించలేదు కూడా. ఆ మాట చెబితే ఆమె కుర్చీ ముందుకు జరుపుకుని కూర్చుంది.

"అప్పుడెలా మానగలిగావు?"

"మెడల మాల ఉంటది గద."

"ఇప్పుడూ ఉందనుకో."

అనుకున్నాను. మర్నాడే నల్లలుంగీ కట్టాను. తెల్లవారకముందే చన్నీళ్ల స్నానం, చెప్పుల్లేకుండా నడక, నేల మీద చాప. మా ఇంటామె బిత్తరపోయింది. "పాల్గునంల మాలేందయ్యా? నీకు ఎవలేసిన్రు?" కార్ఖానాలో తోటివాళ్లు నన్ను చూసి రెండు చేతులూ నెత్తిమీద ఇరుముడి మోస్తున్నట్టు పెట్టి, ఏ మాల అని కళ్లతోనే అడిగారు. ఆ చప్పుట్లో దీన్నంతా సైగలతో చెప్పడం నావల్ల కాలేదు. తలూపి ఊరుకున్నాను, వాళ్లు దండం పెట్టి స్వామీ అనడం మొదలుపెట్టారు.

సిస్టరమ్మ నాలుగోరోజు చూసింది. "ఈ నియమాలన్నీ నేనెప్పుడు చెప్పానయ్యా?"

"నువ్వు నలభై దినాలన్నవ్. నలభై దినాలంటె నాకు తెలిసింది గిదే."

కడుపు పట్టుకుని నవ్వింది. నవ్వాక మళ్లీ ప్రశ్నలు. నల్లబట్టలెందుకు, చాప ఎందుకు, అందర్నీ స్వామి అని ఎందుకంటారు, కోపం వస్తే తిట్టేటప్పుడు కూడా స్వామీ అనే తిట్టాలా? దీక్షలో ఉన్నవాడు ఎదుటివాడిలో దేవుణ్ణే చూడాలి కాబట్టి అలా పిలుస్తారని నాకు తెలిసినంత చెప్పాను. అది ఆమెకు ఎంత నచ్చిందంటే, ఆ వారమంతా కూరగాయల బండివాణ్ణి స్వామీ అని పిలిచి బేరం చేసింది. స్వామీ అన్నాక గట్టిగా బేరమాడటం కష్టంగా ఉందని తర్వాత ఒప్పుకుంది.

అంతా బాగానే ఉంది గానీ ఒక పొరపాటు జరిగింది. బుధవారం నుంచి ఈస్టర్ దాకా వేళ్ల మీద లెక్కపెడితే నాకు నలభై ఆరు రోజులొచ్చాయి. అడిగితే, "ఆదివారాలు లెక్కలోకి రావు, అవి పండగ రోజులు," అని తన పనిలో తానుంది. మీరైతే ఏమనుకుంటారో నాకు తెలియదు. నేను మాత్రం ఆదివారం సెలవు అనుకున్నాను. సోమవారం నుంచి శనివారం దాకా చాప మీద పడుకున్న స్వామి, ఆదివారం పొద్దున లేచి స్నానం చేసి, నల్లలుంగీతోనే పాన్‌డబ్బా దగ్గర నిలబడి, వారం మొత్తానికి సరిపడా మావా తినేవాడు.

మూడో ఆదివారం ఆమె గుడి నుంచి వస్తూ ఆటో దిగింది సరిగ్గా ఆ పాన్‌డబ్బా ముందే. నా రెండు బుగ్గలూ నిండుగా ఉన్నాయి. దొంగకు తేలు కుట్టినట్టు నిలబడ్డాను.

"నోట్లో ఏంటి?"

ఉమ్మేసి, ఎదురు నేనే గట్టిగా మాట్లాడాను. "నువ్వే గద అన్నవ్ సిస్టరమ్మా, ఐతారం లెక్కల రాదని!"

ముందు నవ్వింది. పాన్‌డబ్బావాడి బల్ల మీద కూర్చుని మరీ నవ్వింది. తర్వాత నవ్వు ఆగిపోయింది. "అయితే నీకు విషం తినడానికి సెలవిచ్చింది నేనే అన్నమాట," అంది. ఇంటికి నడుస్తూ చెప్పింది, అది నాకు ఇప్పటికీ మాటకు మాట గుర్తుంది. "ఆదివారం వదిలినదాన్ని మళ్లీ వెతుక్కునే రోజు కాదయ్యా. అది లేకుండా మనిషి ఎలా ఉన్నాడో చూసుకుని సంతోషపడే రోజు." ఆ పైన, తప్పు తనదీ ఉంది కాబట్టి ఇకమీదట తనకూ ఆదివారం మినహాయింపు లేదని, తన రోజులు కూడా నలభై ఆరేనని తీర్మానించుకుంది. ఎదుటివాడి పొరపాటుకు తన ఉపవాసాన్ని పొడిగించుకున్న మనిషిని నేను అంతకుముందు చూడలేదు.

ఈస్టర్ వచ్చింది. మాకు కోడిపలావు పంపింది. మిగిలిన మూడు ఆదివారాలు కూడా నిలబడ్డాను, మూడోవేలు అంచు దాకా వచ్చింది, ఆమె సంతోషానికి అంతులేదు. ఆ సాయంత్రమే నేను మళ్లీ పాన్‌డబ్బా దగ్గర ఉన్నాను. మాల తీసేశాక మామూలే కదా, నా లెక్క అది. కొండకు వెళ్లి వచ్చి మాల తీసినవాడు ఆ రాత్రే గ్లాసు పట్టుకోవడం నేను చూస్తూ పెరిగాను. అందులో తప్పేముందో నాకు నిజంగానే తెలియదు.

అక్కడ నన్ను చూసినా ఆమె తిట్టలేదు. ఆమెకు అర్థం కాలేదు, అంతే. "నలభై రోజులు చేయగలిగినవాడు నలభై ఒకటోరోజు ఎందుకు చేయలేడు?" అని నన్ను అడిగింది, మా ఇంటామెను అడిగింది, వాళ్ల ఫాదర్‌ను అడిగిందట.

అక్కడి నుంచి ఐదేళ్లు ఇదే వరస. తపస్సు కాలంలో మానడం, ఈస్టర్ నాడు మొదలుపెట్టడం. ఆమె మాత్రం ఏడాది పొడుగునా ప్రతి సాయంత్రం అడిగేది. "ఇవాళ తిన్నావా?" "లేదు సిస్టరమ్మా." తిన్న రోజుల్లో సోంపు నమిలి, ఏలకులు నమిలి, నోరు పుక్కిలించి వచ్చి మరీ చెప్పేవాణ్ణి. ముప్ఫై ఏళ్లు రోగుల నోళ్లు చూసిన మనిషికి అది తెలియదనుకున్నానంటే నా తెలివి ఎంతటిదో చూడండి. ఆమె తలూపి లోపలికి వెళ్లేది. ఆ తలూపడం నాకు గెలుపులా ఉండేది.

రెండేళ్ల కిందటి విభూతి బుధవారం నాడు ఆమె అడగలేదు.

మర్చిపోయింది అనుకున్నాను. గురువారం అడగలేదు. శుక్రవారం గుమ్మంలో ఎదురుపడి, "ఎండ ముదురుతోంది," అంది. శనివారం, "మునక్కాడలు లేతగా ఉన్నాయి, కొన్నాను," అంది. ఏదో ఒకటి చెబుతుంది, ఏదీ అడగదు. మా ఇంటామె జ్వరం వచ్చి పడుకుంటే గంజి కాచి తెచ్చింది గానీ ఎలా ఉందని అడగలేదు. చెయ్యి పట్టుకుని చూసి, "తగ్గుతోంది," అని వెళ్లిపోయింది. కూరగాయల బండివాడి దగ్గర ధర అడగకుండా తూకం వేయించుకుని, వాడు చెప్పినంతా ఇచ్చేస్తోంది. మాసీకి ఒంట్లో బాగాలేదా, ధరే అడగడం లేదని వాడు బెంగపడి నన్ను ఆపాడు. "భాయ్, మాసీకీ తబియత్ ఠీక్ హై నా? భావ్ హీ నహీ పూఛతీ."

"నువ్వేమన్న అన్నవా సిస్టరమ్మను?" అంది మా ఇంటామె.

"నేనేమంట? నువ్వే ఏమన్న అన్నవేమో."

ఇద్దరికీ ఆమెకు కోపం వచ్చిందనే అనిపించింది. ఇంతకాలం ఆమె ప్రశ్నలు తప్పించుకోవడానికి సందులో తలొంచుకుని నడిచినవాణ్ణి, ఆ రోజుల్లో కావాలని గుమ్మం ముందు దగ్గి మరీ వెళ్లేవాణ్ణి. చివరికి నాకూ పౌరుషం వచ్చింది. అడిగే మనిషే లేనప్పుడు ఎవరి కోసం మానాలి? ఐదేళ్లలో మొదటిసారి తపస్సు కాలంలోనే మావా తిన్నాను. తిని ఇంటికొస్తూ, సోంపు కూడా నమల్లేదు. ఎవరడుగుతారు?

మూడోవారం నాటికి ఎడమ బుగ్గ లోపల మంట మొదలైంది. కారం తగిలితే కళ్లలో నీళ్లు. అద్దంలో చూసుకుంటే తెల్లటి మచ్చ, వేలితో గీకితే పోవడం లేదు. రెండు వేళ్లు కూడా కష్టంగా పడుతున్నాయి. మా ఇంటామెకు చెప్పలేదు. అప్పటికి ఆమెకు నాలుగో నెల. సిస్టరమ్మ అడిగితే చెబుదామనుకున్నాను. ఈరోజు అడుగుతుంది, రేపు అడుగుతుంది అని పది రోజులు చూశాను. నా ముఖం చూస్తే రాయి కూడా అడుగుతుంది. ఆమె అడగలేదు.

పదకొండోరోజు సాయంత్రం సందు దాటి వెళ్లాను. ఆమె చిక్కుడుకాయలు ఒలుస్తోంది. కూర్చోమని కూడా అనలేదు, పీట జరిపింది.

"సిస్టరమ్మా, నేను మావ తింటున్న," అన్నాను. "ఇయ్యాల గాదు, అయిదేండ్ల సంది తింటున్న. నువ్వు అడిగినప్పుడల్ల అబద్ధం చెప్పిన. ఈసారి గీ నలభై దినాలల్ల గూడ తిన్న. నోట్ల తెల్లమచ్చ అయింది. నాకు బుగులైతుంది."

అన్నాక ఏడ్చాను. ఎవరి ముందూ అంతగా ఏడ్చింది లేదు. ఆమె చేతిలోని చిక్కుడుకాయ పక్కన పెట్టింది. ఎన్నాళ్లయింది, ఎంత పెద్దది, నొప్పుందా, ముందే ఎందుకు చెప్పలేదు, ఇన్ని ప్రశ్నలు ఆమె గొంతు దాకా వచ్చి ఉంటాయి. ఒక్కటీ బయటికి రాలేదు. టార్చి తెచ్చి, "నోరు తెరువు," అంది. చూసింది. "రేపు పొద్దున ఇద్దరం వెళ్తున్నాం," అంది.

వెళ్లాం. చిన్న ముక్క కోసి పరీక్షకు పంపారు. ఫలితం వచ్చేదాకా వారం రోజులు. అంత పొడుగు వారం నా జీవితంలో లేదు. ఫలితం రోజున బెంచీ మీద నా పక్కన కూర్చుని చేతిలో జపమాల తిప్పుతూనే ఉంది. పేరు పిలిచారు. లోపలికి వెళ్లాక ఆమె అడుగుతుందిలే అని నేను వెనక నిలబడ్డాను, పెద్దమనిషి, నర్సు, డాక్టర్ల భాష తెలిసినామె. ఆమె నన్ను భుజం పట్టి ముందుకు నెట్టింది. చివరికి నేనే అడగాల్సి వచ్చింది. "సాబ్, కేన్సర్ హై క్యా?"

కాదన్నాడు. ఇప్పటికి కాదు, మళ్లీ ఒక్కటి తిన్నా మాట ఇవ్వలేను అన్నాడు. మందులు, ఇంజెక్షన్లు, నోరు తెరిచే కసరత్తు, అన్నీ నేనే అడిగి రాయించుకున్నాను. నా నోటి గురించి నేను ప్రశ్న అడగడం అదే మొదటిసారి.

ఆ ఏడు ఈస్టర్ పొద్దున తెల్లచీర కట్టుకుని, గుడి నుంచి వచ్చి, తన గుమ్మం కూడా ఎక్కకుండా నేరుగా మా ఇంటికి వచ్చింది. "మంట తగ్గిందా? మచ్చ చిన్నదైందా? కసరత్తు రోజుకెన్నిసార్లు చేస్తున్నావ్? అమ్మాయికి వాంతులు తగ్గాయా? ఎన్నో నెల? ఆ రోజు నువ్వు గుమ్మం ముందు ఎందుకలా దగ్గావు?" బండివాడు ఆ దారిన పోతుంటే వాణ్ణీ ఆపి, వంకాయల ధరెంతో, ఇన్నాళ్లూ తనని ఎంత దోచాడో అడిగింది. "బైంగన్ కా భావ్ క్యా హై? ఇత్నే దిన్ ముఝే కిత్నా లూటా?" వాడు సంతోషంతో కొత్తిమీర ఊరికే ఇచ్చాడు.

అప్పుడు వెలిగింది నాకు. "సిస్టరమ్మా, ఈసారి నువ్వు ఇడిసిపెట్టింది అడుగుడేనా?"

చెప్పదనుకున్నాను. చెప్పింది. "ఐదేళ్లు అడిగాను. అడిగిన ప్రతిసారీ నీ చేతికో అబద్ధం అందించినట్టయింది. అడగడం మానేస్తే నువ్వేం చేస్తావో చూద్దామనిపించింది." ఆ వెంటనే, "అదీ కుతూహలమేలే. పూర్తిగా మానలేకపోయాను," అని నవ్వింది.

నేను ఎంత నవ్వానో అంత భయమూ వేసింది. నేను వెళ్లి చెప్పకపోయి ఉంటే? ఆ పది రోజులు నా ముఖం చూస్తూ ఆమె మాత్రం ఎలా పడుకుంది? ఆ మాట అడిగాను. "నాకూ తెలియదు," అంది.

ఆ తర్వాత మా ఇద్దరి మధ్యా ఒక పద్ధతి పడింది. మావా సంగతి ఆమె అడగదు, నేనే చెబుతాను. ప్రతి సాయంత్రం పని నుంచి వచ్చి గుమ్మంలో నిలబడి, తినలేదని అరచెయ్యి అడ్డంగా ఊపేవాణ్ణి. కార్ఖానాలో మేం లేదు అనడానికి చేసే సైగ అదే. రెండుసార్లు తిన్నాను, ఆ రెండుసార్లూ తలొంచుకుని వెళ్లి చెప్పాను. ఆదివారం మాత్రం కొలత. వేళ్లు నోట్లో పెట్టి చూసుకుని, ఎన్ని పట్టాయో అన్ని వేళ్లు సందు అవతలికి చూపించాలి. రెండు. చాలా నెలలు రెండే. ఆమె కిటికీలోంచి చూసి తలూపేది. పోయిన ఏడు కార్తీకంలో ఒక ఆదివారం మొదటిసారి రెండు వేళ్లు నిటారుగా పెట్టి, మూడోది సగం మడిచి చూపించాను. ఆమె చేతిలో గరిటె ఉంది. గరిటె ఎత్తి ఊపింది. మా ఏడాది పిల్ల కూడా వేళ్లు నోట్లో పెట్టుకుని నవ్వింది, దానికిదో ఆట.

పోయిన ఏడాది తపస్సు కాలంలో ఆమె ఏం వదిలేసిందో నాకు తెలియదు. ప్రశ్నలు అడిగింది, చాయ్ తాగింది, నవ్వింది, బండివాడితో కొట్లాడింది. ఎంత గమనించినా దొరకలేదు. అంత్యక్రియలకు వల్సాడ్ నుంచి వచ్చిన ఆమె చెల్లెలి కూతురిని అడిగాను. "పెద్దమ్మా, పెద్దమ్మా అని ఎన్నిసార్లు బతిమాలినా నాకూ చెప్పేది కాదండీ," అంది. ఆ ప్రశ్న ఇక నా దగ్గరే ఉంటుంది.

పెట్టెను మా కార్ఖానావాళ్లం ఆరుగురం మోశాం. ఆమె భర్త పక్కనే పెట్టాం. మట్టి వేస్తుంటే ఫాదర్ ప్రార్థన చదువుతున్నాడు. ఇక సాయంత్రం ఎవరికి సైగ చేయాలి, అదే నా మనసులో ఉంది. తిరిగి వస్తూ, ఎక్కడికి వెళ్తున్నానో నాకే తెలియకుండా, పాన్‌డబ్బా దగ్గర ఆగాను. ఒక మావా కొన్నాను.

ఇల్లు ఖాళీ చేస్తూ ఆ చెల్లెలి కూతురు గుమ్మం పైన గుచ్చి ఉన్న ఈతాకు సిలువ తీసి నా చేతిలో పెట్టింది. పోయిన మట్టల ఆదివారానిది. ఎండి గోధుమరంగుకు తిరిగింది. "ఇది గుడిలో ఇవ్వాలి, బుధవారానికి కాలుస్తారు. నేను ఊరెళ్లిపోతున్నాను, మీరిస్తారా?" అంది. ఆదివారం వెళ్లి గుడి వాకిట్లో బుట్టలో వేశాను. అందులో అప్పటికే వందల ఆకులున్నాయి. వేసిన మరుక్షణం ఆమెది ఏదో నాకే తెలియలేదు.

ఇవాళ పొద్దున పనికి వెళ్లే ముందు గుడిలో బూడిద పెట్టించుకునేవాళ్ల వరసలో నిలబడ్డాను. మీవాడు కానివాడికి పెడతారా అని చాలా ఏళ్ల కిందట ఆమెనే అడిగితే, "బూడిద అయ్యేది అందరమేగా," అంది. ఆ ధైర్యంతో నిలబడ్డాను. ఫాదర్ నొసట వేలు పెట్టి గుజరాతీలో ఏదో అన్నాడు. ధూళ్ అన్న మాట ఒక్కటే తెలిసింది. ఆయన వేలికంటిన ఆ కొంచెంలో ఆమె గుమ్మం మీది ఆకు ఎంత ఉందో, అసలు ఉందో లేదో అని చూసుకుంటూ బయటికి వచ్చాను. కార్ఖానాలో ఒకతను నా నొసలు చూపించి చెయ్యి తిప్పి, ఏంటని అడిగాడు. మళ్లీ నాకు సైగ దొరకలేదు.

ఇక ఆ మావా సంగతి. కొన్నది నిజం. రెండు వారాలుగా చొక్కా జేబులో ఉంది. రోజూ చొక్కా మారుస్తూ దాన్నీ మారుస్తున్నాను. మా ఇంటామెకు తెలియదు, ఎవరూ అడగలేదు. ఎవరూ అడగలేదు కాబట్టే మీకు చెబుతున్నాను. ఆమె నేర్పింది అదే.

ఇంతవరకు రాసి లేచి, గుమ్మంలోకి వెళ్లాను. ఎదురింటి తలుపుకు తాళం, కిటికీ మూసి ఉంది. జేబులోంచి ఆ పొట్లం తీసి విప్పి, సందు పక్క మురికికాలవలో కుమ్మరించాను. "కొన్న సిస్టరమ్మా. తినలే," అన్నాను, కొంచెం గట్టిగానే. మా ఇంటామె లోపలి నుంచి బయటికి వచ్చి నా పక్కన నిలబడింది, ఏమీ అడగలేదు. ఆదివారం కాకపోయినా వేళ్లు నోట్లో పెట్టి చూసుకున్నాను. తర్వాత ఆ మూసిన కిటికీ వైపు చెయ్యి ఎత్తి చూపించాను. రెండు వేళ్లు నిటారుగా, మూడోది సగం మడిచి.